సిద్దిరాములు సారు లెన్సు

సిద్దిరాములు సారు ఆ లెన్సును నా కోడలి చేతుల్లో పెట్టి కూడా వెంటనే వదల్లేదు. పైన ఆయన చేతులు, కింద అనిల చేతులు, నడుమ మూరెడు పొడుగు లేకపోయినా మోచేయంత లావున్న నల్లటి లెన్సు. కాన్పు చేసిన మంత్రసాని పసిపిల్లను అప్పగించేటప్పుడు ఇట్లాగే ఒక్క క్షణం ఆగుతుంది.

"పైలం" అన్నాడు.

"పైలం సార్" అంది అనిల.

అప్పుడు వదిలాడు.

సారు స్టూడియో కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు మీద ఉంది. అనిల అక్కడ నాలుగేళ్ళు పని నేర్చుకుని, ఎల్లారెడ్డిలో బస్టాండు వెనక తన సొంత స్టూడియో పెట్టుకుంది. పెండ్లిళ్ళు, పుట్టువెంట్రుకలు, పాసుపోర్టు ఫోటోలు తీస్తుంది. నా కొడుకు నవీన్ మస్కట్‌లో లారీ నడుపుతాడు. ఇంట్లో మేమిద్దరమే.

హైదరాబాదులో ఎవరో మన పండుగల మీద పెద్ద బొమ్మల పుస్తకం వేస్తున్నారట. అనిల తీసిన బతుకమ్మ ఫోటో ఒకటి ఫోనుల్లో తిరిగి తిరిగి వాళ్ళ దాకా పోయింది. ఆదివారం సికింద్రాబాదులో లష్కర్ బోనాలకు వచ్చి ఒక్కరోజు తీసి చూపించమన్నారు. నచ్చితే ఏడాది పొడుగునా అన్ని పండుగలూ అనిలే తీయాలి. గుడి దగ్గరి ఒక మూడంతస్తుల దుకాణం మేడ మీద నిలబడి, కింద జనంలో ఉన్న ఆడవాళ్ళ ముఖాలు దగ్గరగా తీయాలి. దానికి దూరం చూసే పెద్ద లెన్సు కావాలి. అది అనిల దగ్గర లేదు. సారు దగ్గర ఉంది. పద్నాలుగేళ్ళుగా ఉంది. సొంత అల్లుడు అడిగినా ఇవ్వలేదు.

"గిది పోతే నిన్ను ఏమనను అనిలా" అన్నాడు సారు. "నా నోటికెళ్ళి ఒక్క మాట రాదు. గని ఇగ ఎవలకూ ఇయ్య. నీ వెనక పని నేర్సుకుంటున్న పిల్లలున్నరు సూడు, ఆళ్ళకు గూడ ఇయ్య."

తిట్టినా అంత బరువుగా ఉండేది కాదు.

నేను మూలన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నా వైపు చూసి, "అవ్వా, నువ్వేనా కావలి?" అన్నాడు. ఔనన్నాను. "ఏం కాస్తున్నవో సూడాలె మరి" అని, లెన్సును కెమెరాకు బిగించి, గుమ్మంలో నిలబెట్టి, నా కంటికి ఆనించాడు.

రోడ్డుకు అవతల, స్టేషన్ గోడ పక్కన ఒకామె మక్కకంకులు కాలుస్తోంది. మామూలు కంటికి ఆమె చీర రంగు తప్ప ఏమీ తెలియదు. లెన్సులో ఆమె ముక్కుపుల్ల రాయి కనిపించింది. పై పెదవి మీద చెమట కనిపించింది. విసనకర్ర ఊపుతూ ఆమె తనలో తాను ఏదో అనుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. నిప్పురవ్వ ఒకటి లేచి ఆమె మణికట్టు దగ్గర ఆరిపోవడం చూశాను. తెలియకుండానే నా చెయ్యి ముందుకు పోయింది, ఆ చెమట తుడవబోయినట్టు. గాలే తగిలింది.

మనిషికి తెలియకుండా మనిషికి ఇంత దగ్గరగా పోవచ్చా అనిపించింది. దేవుళ్ళకే అనుకున్నాను ఆ పని.

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు సారు.

జాగ్రత్తలన్నీ చెప్పాడు. లెన్సు చుట్టూ తన తువ్వాలు చుట్టి బ్యాగులో దూర్చాడు. కంపెనీ పేరు కనపడకుండా నల్ల టేపు వేశాడు. బ్యాగు వీపుకు కాదు, కడుపుకు వేసుకోవాలి. బస్సులో కూర్చుంటే బెల్టు కాలికి చుట్టుకోవాలి. పైన అర మీద పెట్టకూడదు. లోపల ఏముందని ఎవరు అడిగినా కెమెరా అనే మాట రాకూడదు. తీసిన ఫోటోల కార్డులు బ్యాగులో కాకుండా ఒంటి మీద దాచుకోవాలి. జనంలో లెన్సు మార్చకూడదు. నేను అవన్నీ ఎక్కం లాగా మనసులో తిప్పుకున్నాను.

ఇంటికి పోయి చెప్తే మా బావగారి కొడుకు భీమేష్ నవ్వాడు. "చిన్నమ్మా, నువ్వు కావలి పోతున్నవా? బాగున్నది. నిన్నెవలు కావలి కాస్తరు?"

"నీ పెండ్లాన్ని పంపు, కాస్తది" అన్నాను.

శనివారం పొద్దున్నే బయలుదేరాము. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి సికింద్రాబాదుకు ఇంకొకటి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తారు కాబట్టి బస్సు నిండా మేమే. బ్యాగు నా ఒడిలో ఉంది. బెల్టు నా కాలికి రెండు చుట్లు చుట్టి ఉంది. తాడ్వాయిలో ఎక్కిన ఒకామె నా పక్కన కూర్చుని చాలాసేపు చూసింది.

"ఏమున్నదవ్వా గండ్ల? సంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్."

"సద్ది" అన్నాను.

"గంత సద్దా? ఊరంతటికి తీస్కపోతున్నవా?"

"రొట్టెలు. దూరం పోతున్నం."

"ఒక రొట్టె పెట్టరాదు. పొద్దుగాల చాయ తాగి ఎల్లిన, కడుపుల ఏం లేదు."

అనిల కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. నా చేతిసంచిలో నిజంగానే నాలుగు జొన్నరొట్టెలు ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. అందులో రెండు ఆమె తిన్నది. దిగేటప్పుడు, "గా పెద్ద బ్యాగులయి మాత్రం ఇయ్యలే సూడు" అని పక్కామెతో అంటూ దిగింది.

జూబ్లీ బస్టాండులో దిగగానే నా కళ్ళు నిలవలేదు. తల మీద గాలిలో వంతెన, వంతెన మీద రైలు. చప్పుడు లేకుండా వచ్చి, మనుషులను దించి, మనుషులను ఎక్కించుకుని పోయింది. కింద బస్సులు, వాటి కింద మనుషులు. ఇంతమందికి ఈ పొద్దు అన్నం ఎక్కడ ఉడుకుతోందో అనుకున్నాను. ఒక స్తంభానికి పోలీసుల బోర్డు కనిపించింది. నాకు అనిల అక్షరాలు నేర్పి ఆరేళ్ళే అయింది కాబట్టి ఎక్కడ బోర్డు కనిపించినా ఆగి పూర్తిగా చదవాలి నాకు. పైకే చదువుతాను. "జే...బు దొం...గ...లు ఉ...న్నా...రు."

చుట్టుపక్కల పదిమంది జేబులు తడుముకున్నారు.

"అత్తమ్మా, మెల్లగ" అంది అనిల. "దొంగలు గూడ ఇంటున్నరు."

మా ఆయన పోచయ్య చెల్లెలు మంగవ్వ సికింద్రాబాదులో గుడికి అర కిలోమీటరు దూరంలో ఒక సందులో ఉంటుంది. పూలమ్ముతుంది. ఒకటే గది, రేకుల తలుపు, లోపల గడియ తప్ప బయట తాళం పట్టే గొళ్ళెం లేదు. ఆ రాత్రి బ్యాగు నా తల కింద పెట్టుకుని పడుకున్నాను.

ఆదివారం తెల్లవారి ఏడింటికి అనిల, నేను మేడకు బయలుదేరాము. సందులోంచి పెద్దరోడ్డు మీదికి వచ్చేసరికి నాకు ఊపిరి ఆడలేదు. మా ఎల్లారెడ్డి అంగడిలో జనం గుంపులు గుంపులుగా ఉంటారు, నడుమ నేల కనిపిస్తుంది. ఇక్కడ నేల లేదు. తలలే. రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే ఒళ్ళులాగా కదులుతోంది. డప్పుల దెబ్బ కాళ్ళ కింది నుంచి వచ్చి పండ్లలో మోగుతోంది. వేపమండలు, మైసాచి ధూపం పొగ, పసుపు. అనిల బ్యాగును కడుపుకు వేసుకుంది. చిన్న లెన్సు బిగించిన కెమెరా మెడలో ఉంది, దాని మీద కొంగు కప్పింది. నేను వెనక నుంచి బ్యాగు బెల్టు రెండు చేతులా పట్టుకున్నాను.

యాభై అడుగులు పోయి ఉంటాము. ఎడమ పక్క నుంచి ఒక తోపు వచ్చింది. అటు ఒరిగి, ఇటు ఒరిగి, మళ్ళీ నిలబడ్డాము. అంతే.

"అత్తమ్మా" అంది అనిల. "బ్యాగు."

బ్యాగు అడుగున జానెడు పొడుగున బ్లేడుతో కోసి ఉంది. సారు తువ్వాలు బయటికి వేలాడుతోంది. తువ్వాలులో నుంచి లెన్సు ముక్కు కనపడుతోంది. సారు తువ్వాలును అంత బిగించి దూర్చాడు కాబట్టి అది ఇరుక్కుని ఆగింది, లేకపోతే ఎప్పుడో ఎవరి చేతిలోనో పడేది. బెల్టు మాత్రం నా చేతుల్లో గట్టిగా ఉంది. బెల్టును ఎవరూ ముట్టుకోలేదు.

అనిల లెన్సును ఒడిలోకి తీసుకుని ముడుచుకుపోయింది. నేను ఆమె మీద గొడుగులాగా వంగాను. అట్లాగే గోడ వెంట మంగవ్వ ఇంటికి వచ్చి పడ్డాము.

లెన్సుకు ఏమీ కాలేదు. కానీ అనిల దాన్ని మళ్ళీ బ్యాగులో పెట్టలేదు. "నేను తీస్కపోను" అంది. "సార్‌కు ఏం ముఖం సూపిస్త? పనొద్దు, పాడొద్దు. వాపసు పోదం."

"వాపసు పోవాలన్నా గీ జనంల నుంచే పోవాలె గద బిడ్డా."

"మరి ఈడ పెట్టిపోదమా?"

ఇద్దరం రేకుల తలుపు వైపు చూశాము. మంగవ్వ పూలబుట్టతో సందు మొదట్లో కూర్చుంటుంది, ఇంట్లో ఎవరూ ఉండరు. పైగా లెన్సు ఇక్కడ పెట్టి మేడ మీదికి పోయి అనిల ఏం తీస్తుంది?

కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూస్తున్నాను. అప్పుడు కనిపించింది. అంత తొక్కిసలాటలో ఒకామె బోనం ఎత్తుకుని వస్తోంది. నెత్తి మీద పసుపు పూసిన కుండ, దాని మీద చిన్న మట్టిముంత గురిగి, గురిగి మీద దీపం. సూది దూరని ఆ జనం ఆమె ముందు రెండుగా చీలింది. పొలంలో ఒడ్డు తెంపితే నీళ్ళకు తొవ్వ దొరికినట్టు. ఎవరూ తొయ్యలేదు. ఎవరి చెయ్యీ ఆమె ఒంటికి తగల్లేదు. ఆమె పోయిన తర్వాత జనం మళ్ళీ కలిసిపోయింది.

నేను మంగవ్వ వైపు తిరిగాను. మూలన ఆమె బోనం సిద్ధంగా ఉంది. పెద్ద కుండ, గురిగి, వేపమండలు, వండిన పసుపన్నం. మోకాలు వాచి ఆమె గుడి దాకా నడవలేకపోతోంది. ఎవరితో పంపాలా అని పొద్దున్నుంచి గొణుగుతోంది.

"మంగవ్వా, నీ బోనం నేను ఎత్తుకుంట" అన్నాను. "అన్నం గురిగిల పెట్టు. కింది కుండల గిది పెడదం."

అనిల నోరు తెరిచింది. మంగవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. మా ఆయన పోయి పదకొండేళ్ళు. అప్పటి నుంచి ఊళ్ళో బోనాలు పోతుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు.

నా చూపు ఆమెకు అర్థమైంది. "ఆమె అమ్మవారు, వదినె" అంది. "ఆమెకు బొట్టు పెట్టినోడెవడు, తుడిసినోడెవడు? నిన్ను అడుగుతదా? గని ఒక్క మాట. అన్నం మడితో వండిన. బోనమంటే బోనమే. మీ సామాను మోసే డబ్బా గాదు. అన్నం అమ్మకు అందాలె."

"అందుతది."

"అత్తమ్మా, కింద పడితే?" అంది అనిల.

ఈ ఒక్క మాటకు నాకు కోపం వచ్చింది. "ఏడేండ్ల పిల్లనాటి నుంచి మోస్తున్న. నీళ్ళు మోసిన, నారు మోసిన, ఇటుకలు మోసిన. నా నెత్తి మీదికెళ్ళి ఇప్పటిదాంక ఒక్క సుక్క ఒలకలే. నీ బ్యాగు కన్న నా నెత్తి నయం."

అనుకున్నది ఇది. గుడికి ముందు మేడ వస్తుంది. మేడ గుమ్మంలో నేను బోనం దించుతాను. అనిల లెన్సు తీసుకుని పైకి పోతుంది. నేను మళ్ళీ ఎత్తుకుని గుడికి పోయి అన్నం అప్పజెప్పి వస్తాను. లెన్సుకు పాత మెత్తటి చీర చుట్టి, సారు తువ్వాలు చుట్టి, కుండలో నిలబెట్టాము. పైన గురిగి, అన్నం, దీపం. మంగవ్వ నా కాళ్ళకు పసుపు రాసింది. నెత్తికీ కుండకూ నడుమ పెట్టే చుట్టబట్ట సర్దుకుని, అమ్మా నువ్వే చూసుకో అనుకుని లేచాను.

బరువు తెలియగానే మెడ దానంతటదే నిలబడింది. సందు దాటి రోడ్డులో అడుగు పెట్టాను. మొదటి మనిషి వెనక్కి తిరిగి చూశాడు, తప్పుకున్నాడు. అతని ముందరివాడు తప్పుకున్నాడు. నా ముందు నేల కనిపించింది. పొద్దున్నుంచి కనిపించని నేల, తడిగా, నల్లగా, నా ఒక్కదాని కోసమే పరిచినట్టు.

మేడ వచ్చింది. అనిల గుమ్మం ఎక్కి వెనక్కి తిరిగింది. "వచ్చినం అత్తమ్మా. దించు."

మోకాళ్ళు వంచాను. చేతులు కుండ కిందికి పోనిచ్చాను.

"అయ్యో అవ్వా!" అని ఎవరో అరిచారు. "ఏం జేస్తున్నవ్? తొవ్వల దించుతరా?"

ఒక చెయ్యి నా మోచేతి కింద పడి పైకి లేపింది. ఇంకొక చెయ్యి. "కండ్లు తిరుగుతున్నయా అవ్వా?" "నీళ్ళు తాగించుండ్రి." "దించొద్దు, దించొద్దు, దగ్గరికే వచ్చినవ్."

అప్పుడు గుర్తొచ్చింది. ఎత్తిన బోనం అమ్మ ముందే దించాలి. నాకు తెలియని మాట కాదు. కానీ మా ఊళ్ళో పోచమ్మ గుడి ఇంటికి అరవై అడుగులు. నడుమ దించే పని ఎవరికీ పడలేదు, అందుకని ఆ మాట ఎప్పుడూ ఎవరూ అనలేదు. ఉప్పు ఉప్పగా ఉంటుందని ఎవరు చెప్తారు? మంగవ్వ నేను గుడి దాకా దించకుండా పోతాననే అనుకుని ఉంటుంది. అనిల మేడ దాకా అనుకుంది. నేను ఇద్దరికీ సరే అన్నాను.

"అత్తమ్మా, లెన్సు" అంది అనిల.

ఒక నిమిషం పని. దించి, తీసి, మళ్ళీ ఎత్తుకుంటే అయిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తిట్టినా తిట్టనీ. నేను మళ్ళీ చేతులు పైకి ఎత్తాను. కుండ మెడ పట్టుకున్నాను. ఎంత బరువైనా దించిన చేతులు ఇవి. అవి దించలేదు.

"బిడ్డా, నా చేతులు వస్తలేవు" అన్నాను.

అనిల మేడ వైపు చూసింది. పైన పిట్టగోడ దగ్గర పుస్తకంవాళ్ళ మనిషి చెయ్యి ఊపుతున్నాడు. నా వైపు చూసింది. పైకి పోతే చేతిలో చిన్న లెన్సే, ముఖాలు చీమల్లాగా వస్తాయి. పైగా సారు లెన్సు ఆమె కంటి ముందు నుంచి జనంలోకి పోతుంది. ఆమె పని, ఆమె మాట, రెండూ నా నెత్తి మీదే ఉన్నాయి. ఆ రెండింటినీ అందకుండా చేసింది నేనే.

అనిల మెట్లు దిగింది. కెమెరా మీది కొంగు తీసేసింది.

"నడువు" అంది. "నీ ముందల్నే ఉంట."

వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నాకూ జనానికీ నడుమ రెండు బారల నేల ఖాళీగా ఉంది కదా, ఆ నేలలో. అక్కడికి ఎవరూ రారు, దొంగలు కూడా రారు. ఆ నేలలో ఉన్నది అనిల ఒక్కతే. నాకు దారి ఇవ్వడానికి రెండు పక్కలా తప్పుకున్న ఆడవాళ్ళు ఆమెకు చెయ్యంత దూరంలో ఉన్నారు. వాళ్ళు కెమెరాను చూడటం లేదు. నా నెత్తి మీది దీపాన్ని చూస్తున్నారు. అనిల మోకాళ్ళ మీద కూర్చునేది, తీసేది, లేచేది, రెండడుగులు వెనక్కి వేసేది.

తర్వాత జరిగింది ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఒకామె బిందెతో వచ్చి నా కాళ్ళ మీద సాక పోసింది, వేపాకులు తేలుతున్న పసుపునీళ్ళు. చల్లగా ఉన్నాయి. ఆమె వంగి ఆ తడిని వేళ్ళతో తీసి తన కళ్ళకు అద్దుకుంది. ఇంకొకామె పోసింది. పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దింటి ఆవిడ ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని నా పాదాలు పట్టుకుంది. నా పాదాలు. మడమలు పగిలి, గోళ్ళు నల్లబడి, ఎన్నేళ్ళుగానో నాట్లలో నానిన పాదాలు. పసిపిల్లను తెచ్చి నా కొంగు కింది నుంచి దాటించారు. ఒక పోలీసాయన లాఠీ అడ్డం పట్టి, "తొవ్వ ఇయ్యుండ్రి, అమ్మ వస్తున్నది" అని అరిచాడు. ఏ అమ్మ వస్తోందో అని కంటి కొస నుంచి వెనక్కి చూశాను. నా వెనక ఎవరూ లేరు.

పోతురాజు కొరడా ఝళిపించుకుంటూ ఎదురు వచ్చాడు. ఒళ్ళంతా పసుపు, కాళ్ళకు గజ్జెలు, నిమ్మకాయల దండ. నా ముందు ఆగాడు. ఆట ఆపాడు. కొరడా మెడకు వేసుకుని తల వంచాడు. అంత పెద్ద మనిషి రొప్పుతున్నాడు, ఆ ఊపిరి నా చేతులకు తగులుతోంది. అనిల వాడి మోచేతి కింది నుంచి కెమెరా పైకి ఎత్తింది.

ఆ సమయంలో కూడా నా చెవి పైనే ఉంది. కుండలో ఏదైనా కదులుతోందా, చీర జారిందా అని. ఏమీ కదల్లేదు. డప్పు మాత్రం కుండలోకి పోయి మెల్లగా తిరిగి వస్తోంది, లోపల ఎవరో వింటున్నట్టు.

గుడి గడప దగ్గర ఒక ముసలామె కూర్చుని బోనాలు అందుకుంటోంది. ఎంకవ్వ అని పిలుస్తున్నారు. బోనం దించించి, కింది కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు అన్నం తీసి అమ్మ ముందు రాశిలో వేసి, కుండ వాపసు ఇస్తోంది. నా వంతు వచ్చింది. దించాను. ఈసారి చేతులు మాట విన్నాయి. ఎంకవ్వ గురిగి పక్కన పెట్టి, పెద్ద కుండలోకి చెయ్యి పెట్టబోయింది.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. "అవ్వా, అన్నం గురిగిల ఉన్నది."

"మరి గిండ్ల ఏమున్నది?"

బస్సులో సద్ది అని చెప్పిన నోటికి అక్కడ అబద్ధం రాలేదు. "దూరం సూసే కన్ను. నా కోడలు ఫోటోలు తీస్తది. ఇది ఆమె సార్‌ది. దొంగల భయానికి..."

ఎంకవ్వ తువ్వాలు, చీర పక్కకు జరిపింది. వాటితో పాటు లెన్సు మూత ఊడి పక్కకు పడింది. ఇద్దరం తలలు ఆనించి కుండలోకి చూశాము. నల్లటి అద్దం, లోతుగా, ఊదాగా, ఆకుపచ్చగా, అడుగు తెలియని బావిలాగా ఉంది. ఆ అద్దంలో గడప మీది దీపాలన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటి ఆవగింజంత. వేపతోరణం ఉంది. ఎంకవ్వ ముఖం, నా ముఖం, మా వెనక ఆకాశం, తలకిందులుగా, ఒక్కటి కూడా తప్పిపోకుండా. ఇంత జనం ఇంత చిన్న చోట పట్టింది. నేను కదిలితే అన్నీ కదిలాయి. దీపాల కొసలు వణకడం కూడా కనిపించింది.

వెనక వరుసలో వాళ్ళు అరుస్తున్నారు.

"దొంగల భయానికి అమ్మ నీడకు తెచ్చినవా?" అంది ఎంకవ్వ చివరికి. "ఇంకో జాగ దొరకలేదా నీకు?"

"దొరకలే అవ్వా."

ఆమె నవ్విందో లేదో తెలియదు, పండ్లు లేని నోరు. వేలితో పసుపు తీసి, అద్దానికి తగలకుండా, లెన్సు ఒంటి మీద చిన్న బొట్టు పెట్టింది. గురిగిలోంచి అన్నం తీసుకుంది. "తీస్కపో. జర పైలం" అంది.

సోమవారం మధ్యాహ్నం కామారెడ్డిలో సారు స్టూడియోకు పోయాము. అనిల ముందు కోసిన బ్యాగు బల్ల మీద పెట్టింది, తర్వాత లెన్సు పెట్టింది, తర్వాత అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. సారు లెన్సును వెలుతురుకు పట్టి, తిప్పి, ఊది, మళ్ళీ తిప్పాడు. వేపాకు వాసన వస్తోంది. టేపు పక్కన పసుపు బొట్టు ఎండి ఉంది. గోటితో గీకబోయి ఆగాడు.

"ఒక్క ఫోటో గూడ తియ్యలేదా దీంతోని?"

"తియ్యలే సార్. దించితె గద."

"మరి ఆళ్ళేమన్నరు?"

చిన్న లెన్సుతో తీసినవే పంపానని అనిల చెప్పింది. పొద్దున వాళ్ళు ఫోను చేశారట. పైనుంచి తీయమంటే లోపలి నుంచి తీశావేమని అడిగారట. అంత నడుమకు నిన్ను ఎవరు పోనిచ్చారు, మేము మూడేళ్ళుగా ప్రయత్నిస్తున్నాము అన్నారట. బతుకమ్మకు తొమ్మిది రోజులూ రావాలని చెప్పారట.

సారు చేతులు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అనిల కొంగు ముడి విప్పి కార్డు ఇచ్చింది. ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. నీళ్ళు పోసే చేతులు. పట్టుచీర ఆవిడ కళ్ళు మూసుకున్న ముఖం, రెప్పల మీద పసుపు. వంగిన పోతురాజు మెడ మీద చెమట. సారు ఒక్కొక్క దాని దగ్గర ఆగి ముందుకు పోతున్నాడు.

చివరిది నాది. కింది నుంచి తీసింది. తడి పాదాలు, పైన కుండ, దీపం, దాని మీద ఆకాశం. నడుమ ఒక ఆడమనిషి ముఖం. కళ్ళు పైకి ఎత్తి, నోరు కొద్దిగా తెరిచి ఉంది. నేనేనని గుర్తు పట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"పుస్తకం అట్ట మీద ఇది ఏస్తరట సార్" అంది అనిల. "ఆ కండ్లల్ల భక్తి సూడుమన్నరు."

నాకు నవ్వు వచ్చింది. కుండలో లెన్సు కదులుతోందేమోనని చెవి పెట్టి ఉన్నాను, భక్తి ఎక్కడిది అని చెప్పబోయాను. కానీ తెర మీది మనిషిని చూస్తే ఆ మాట రాలేదు. ఆమె దేన్ని వింటోందో నాకు కూడా తెలియలేదు.

సారు లేచాడు. లెన్సుకు మూత పెట్టాడు. బీరువా తెరిచి లోపల పెట్టబోయి, మళ్ళీ తిరిగి వచ్చి బల్ల మీద, అనిల ముందు పెట్టాడు.

"బతుకమ్మ దాంక నీ దగ్గర్నే ఉండనియ్" అన్నాడు. కోసిన బ్యాగును చుట్టి చెత్తబుట్టలో పడేశాడు. తర్వాత నా వైపు తిరిగి, నా తల వైపు చూసి, కుర్చీలోని తన తువ్వాలు తీసి చుట్టబట్టలాగా చుట్టి నా చేతికి ఇచ్చాడు.